సిప్రియన్ దిమ్మ

సిప్రియన్ ఉప్పునీళ్లలో గుడ్డ ముంచి పిండి, అరమీది గుండ్రటి చీజు దిమ్మను తుడిచి తిరగేశాడు. తర్వాత పక్కదాన్ని. మంచు పడినా ఎండ కాసినా ఊరి నేలమాళిగలో ఆయన పని ఇదే. చేతులు ఎప్పుడో దిమ్మల రంగుకి తిరిగాయి. వాసన సంగతి ఆయన భార్య లుదివిన్‌ని అడగాలి. చర్చిలో కూడా మొగుణ్ణి కిటికీ పక్కనే కూర్చోబెట్టేది.

పై అరలో ఉండేవి చావు దిమ్మలు. ఆ ఊరున్న అనివియే లోయలో ప్రతి మనిషికీ ఒకటి ఉంటుంది, పేరు చెక్కి. ఏళ్ల తరబడి ఎండి రాయిలా బిగుస్తుంది. మనిషి పోయాక, మట్టిచ్చి వచ్చినవాళ్లకి దాన్నే కోసి, రొట్టెతో, వైన్‌తో పెడతారు. అది లేకుండా కన్నుమూయడమంటే ఇంటికొచ్చినవాళ్లను ఆకలితో పంపడమే.

సిప్రియన్ పేరున్న దిమ్మ మాత్రం మొన్నటి వేసవిది. నొక్కితే వేలు దిగుతుంది. పాతది పక్కింటి ఇగ్నాస్ చావుకి వెళ్లిపోయింది. ఇగ్నాస్ దిమ్మ కోయబోతే లోపలంతా డొల్ల! ఎలుకలు గోడవైపు నుంచి తొలిచి, ముందువైపు తొక్కను మర్యాదగా వదిలేశాయి. మోకాళ్ల నొప్పితో సిప్రియన్ కొన్నాళ్లుగా పై అరను ముందువైపే తుడుస్తున్నాడు. ఎవరూ ఏమీ అనకముందే తన దిమ్మను భుజానెత్తుకొచ్చి బల్లమీద పెట్టాడు.

మధ్యాహ్నం సూప్ వడ్డిస్తూ లుదివిన్ మొదలుపెట్టింది.

"ఏమయ్యా, గట్టిపడిందా?"

"పడుతుందిలే. తొందరేముంది?"

"నాకేం తొందర? దగ్గుతున్నది నువ్వు. అది ఎండేదాకా ఎక్కడికీ కదలకు. నీ చావుకి మెత్తటి చీజు పెట్టానని ఊరంతా నవ్వితే నేను తలెత్తుకోవాలా?"

"నీదుందిగా, అది కొయ్యి."

"నాదాన్ని ముట్టుకుంటే చంపేస్తా."

"చంపితే మళ్లీ దిమ్మ కావాలి కదే!"

నవ్వలేక, ఆపుకోలేక ఆవిడ గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

సాయంత్రం నేలమాళిగ మెట్ల దగ్గర ఇగ్నాస్ భార్య ఫిలోమెన్ ఎదురైంది.

"సిప్రియన్, నా దిమ్మ నువ్వు పుచ్చుకో. నాకు నిద్ర పట్టడం లేదు."

"వదినా, నువ్వు నాకంటే పెద్దదానివి. ముందు అవసరం నీకే." ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "అది సరే, నాది ఎలా ఉంది? సొంత చావు దిమ్మ తినకూడదని ఆ రోజు నోట పెట్టలేదు."

"మా అత్తకి ఒక పన్ను ఊడింది. అంత బాగుంది."

సిప్రియన్ సంతోషంగా కిందికి దిగాడు. కొత్త దిమ్మను అలవాటుగా బొటనవేలితో నొక్కి చూశాడు. ఎందుకో స్టూలు మీద కూర్చున్నాడు.

"లేవయ్యా, సూప్ చల్లారిపోతోంది," అంటూ వచ్చిన లుదివిన్‌కి ముందు కనబడింది, నేలమీద జారిపడిన గుడ్డ.

మట్టిచ్చి వచ్చాక ఆవిడ తన దిమ్మనే బల్లమీద పెట్టి కత్తి అందుకుంది. ఈలోగా ఫిలోమెన్ వచ్చి, తన దిమ్మలోంచి కోసిన ముక్క ఒకటి పక్కన పెట్టింది. వెనకే కమ్మరి. వెనకే ఫాదరు. ఒక్కొక్కరే, తమ తమ చావుల్లోంచి తలా కాస్త.

మర్నాడు గుడ్డ పట్టుకుని నేలమాళిగలోకి లుదివినే దిగింది. పై అరలో ఒక్కటీ గుండ్రంగా లేదు, సిప్రియన్ దిమ్మ తప్ప. దానిమీద ఇంకా లోతుగా, ఆయన బొటనవేలి గుంట.