పురుగు నూనె కొలత

మేనత్త మూడో కీమోకు వెళ్లనంది. కారణం ఫ్రీజర్లో ఉంది.

ల్యాబ్‌ ఫ్రీజర్ పాడవడంతో మేనకోడలు సముద్రపు పురుగులను ఇంటికి తెచ్చి, ఐస్‌క్రీం డబ్బాలో పెట్టింది. గాలానికి ఎరగా గుచ్చే పురుగులవి. వాటి కొవ్వు తీసి, అందులోని ఫ్యాటీ ఆమ్లాలను క్యాన్సర్ కణాల మీద వేసి చూడటం ఆమె ఉద్యోగం. కణాలు చచ్చాయని రాత్రి భోజనాల దగ్గర తనే చెప్పింది.

“చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమెందుకే?” అంది అత్త. బట్టలు కుట్టడం ఆమె వృత్తి. జుట్టు ఊడాక, మిగిలిన లైనింగ్ గుడ్డతో టోపీ కుట్టుకుంది. “నాలుగు వేపి పెట్టు.”

“అది మందు కాదత్తా.”

“చచ్చాయన్నావుగా?”

“ల్యాబ్‌ ప్లేట్లో చచ్చాయి.”

“నేనూ ప్లేట్లోనే తింటాను.”

కీమో ఉన్నది మర్నాడు మధ్యాహ్నం. పొద్దున్నే మేనకోడలు అత్తను ల్యాబ్‌కు తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. సూదిలో దారం ఎక్కించేటప్పటిలా అత్త ఒక కన్ను మూసింది.

“అడుక్కి అతుక్కున్నవి బతికున్నట్టు. గుండ్రంగా తేలితే చచ్చినట్టు. ఇవి క్యాన్సర్ కణాలు, పురుగు నూనె వేశాను.”

“అన్నీ తేలాయి. పీడా పోయింది.”

మేనకోడలు ప్లేటు కాస్త జరిపింది. “ఇవి మంచి కణాలు. అదే నూనె, అంతే వేశాను.”

అత్త చాలాసేపు చూసింది.

“ఇవీ తేలాయే.”

“అవును.”

“రాత్రి ఈ ముక్క చెప్పలేదేం?”

“మొదటి ముక్కకే నువ్వు లేచి మూకుడు వెతకడానికి వెళ్లావు.”

“హాస్పిటల్ మందూ అంతేగా. నా జుట్టేం పాపం చేసింది?”

“అంతే. కానీ ఎంత ఎక్కిస్తే మంచివి మళ్లీ తేరుకుంటాయో వాళ్లు కొలిచి పెట్టుకున్నారు. నా నూనెకు ఆ కొలత లేదు.”

“కొలత లేకుండానే కత్తెర పట్టావన్నమాట.”

“పాత గుడ్డ మీద పట్టాను. నీ మీద పట్టను.”

అత్త టోపీ సర్దుకుని లేచింది. మెట్లు దిగుతూ అడిగింది.

“ఎప్పటికి తెలుస్తుంది?”

“పదేళ్లు పట్టొచ్చు. అసలు పనికిరాదని తెలియనూవచ్చు.”

“సరే, హాస్పిటల్‌కే పద. డబ్బా మాత్రం ఇవాళే తీసెయ్. కూరగాయలకు చోటు లేదు.”

కీమో గదిలో నర్సు అడిగింది. “ఇంకేమైనా మందులు వాడుతున్నారా?”

“లేదమ్మా. కొలతలు ఇంకా రాలేదు.”

నర్సుకు అర్థం కాలేదు. అత్త చెయ్యి చాపింది.