తగ్గినంత మంచినీళ్లు

“ఉప్పు ఎక్కువైంది.”

ఇరవై మూడేళ్ల కాపురంలో మా ఆయన మసనొబు నోట పొద్దున్నే వచ్చే మొదటి మాట అదే. అది కాకపోతే “ఉప్పు తగ్గింది.” పేపరు మీంచి కళ్లెత్తకుండానే పులిసిన సోయా ముద్దతో కాచే మీసో పులుసు గిన్నె పెదవులకి ఆనించి తీర్పు చెప్పేసేవాడు. కోపమేం ఉండేది కాదు, బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పేవాడు. నేను లేచి వేడినీళ్లు తెచ్చి ఆ గిన్నెలో పోసేదాన్ని, లేకపోతే ఇంకో చెంచా మీసో కరిగించి తెచ్చేదాన్ని. వంటింటికి దగ్గరగా ఉండే కుర్చీ నాది. పెళ్లయిన వారానికే, ఎవరూ చెప్పకుండానే అది నాదైపోయింది. నా నాలుకకి బాగున్నది ఆయన నాలుకకి బాగుండేది కాదు. ఇంట్లో చెల్లేది ఆయన నాలుకే.

అందుకే కిందటి అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, స్నానాలగదిలో బకెట్ ముందు చతికిలబడి సముద్రపు ఉప్పు కలుపుతుంటే నాకు నవ్వు ఆగలేదు. చేతిలో దుర్భిణి లాంటి చిన్న గొట్టం ఉంది. దాని గాజు మీద ఒక చుక్క వేసి, మూత దించి, వెలుతురు వైపు పట్టుకుని చూస్తే లోపల నీలానికీ తెలుపుకీ మధ్య ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత ఉండాల్సిన అంకె దగ్గర నిలబడితే బకెట్లో నీళ్లు సముద్రమైనట్టే. గుప్పెడు వేశాను, కలిపాను, చూశాను. ఇంకో అరగుప్పెడు వేశాను. గీత సరిగ్గా అక్కడికొచ్చి ఆగింది. నేను వేసిన ఉప్పు సరిపోయిందని చెప్పడానికి ఎవరి నాలుకా అక్కర్లేకపోయింది. నలభై ఎనిమిదేళ్ల దాన్ని, తడి నేల మీద కూర్చుని “సరిపోయింది, సరిపోయింది” అని పైకే అనుకున్నాను.

అంతకు ముందు ఏడాది ఏప్రిల్లో ఆయనకి ఉత్తరాన అసాహికావాకి బదిలీ అయింది. మా దగ్గర బదిలీ అయిన మగవాళ్లందరిలాగే ఒక్కడే వెళ్లాడు. ఇల్లూ, వేరే ఊళ్లో కూతురి కాలేజీ ఖర్చూ, విడిగా ఉండే అత్తయ్యా నాకు మిగిలారు. షిజువోకా స్టేషన్లో బుల్లెట్ రైలు కదిలాక ఏడుపొస్తుందని చేతిరుమాలు సిద్ధంగా పెట్టుకున్నాను. వచ్చింది ఆకలి. ఇంటికొచ్చి, వంటగట్టు దగ్గర నిలబడే, నిన్నటి అన్నం మీద వేడి టీ పోసుకుని ఊరగాయ ఉమె పండు నంజుకుని రెండు గిన్నెలు తిన్నాను. ఎంత హాయి! ఆ హాయిని ఎవరికీ చెప్పుకోలేని రోజులవి. చెత్త సంచులు పెట్టే చోట పక్కింటావిడ కనబడి, “ఒంటరిగా ఎంత కష్టమో పాపం, చిగుసా-సాన్” అంటే, “అలవాటైపోయింది లెండి” అని తల వంచుకునేదాన్ని. నవ్వు కనబడకూడదుగా మరి.

కానీ మనిషి వెళ్లినంత మాత్రాన అలవాటు పోదు. నేను ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేస్తాను, ఉడికిన చేపలోంచి ముళ్లూ నల్లకండా గీకి తీసే వరసలో. మా అమ్మాయి కన్నా నాలుగేళ్లు పెద్దవాడు సూపర్వైజరు. పదకొండేళ్ల సర్వీసు నాది, వాడికి నా పేరు తెలియదు, “ఆ చివరి ఆంటీ” అంటాడు. ఇంటికొస్తే మా ఆయన “ఇల్లంతా చేప కంపు, ముందు కడుక్కో” అనేవాడు. ఇంటిల్లిపాదికీ అవే నీళ్లైన స్నానం తొట్టెలో మాత్రం ముందు ఆయనే దిగాలి. అందుకని మోచేతుల దాకా నిమ్మచెక్క రుద్దుకుని వంటకి నిలబడేదాన్ని. ఆయన వెళ్లిపోయాక కూడా రుద్దుకుంటూనే ఉన్నాను. శనివారం రాగానే కాళ్లు వాటంతటవే లాండ్రీకి నడిచేవి, తేవడానికి సూట్లు ఏవీ లేకపోయినా. అలా ఒక శనివారం వానలో లాండ్రీ పక్క కొట్టు ముందు ఆగాను. అద్దంలోంచి పెద్ద గాజు తొట్టి కనబడింది. లోపల దీపం, నీళ్లు, మట్టి రంగు రాళ్లు, అంతే. లోపలికి వెళ్లి, “చేపలేవండీ? చచ్చిపోయాయా?” అని అడిగాను.

కొట్టు ఉషియామా-సాన్ అనే ఆవిడది. అరవై దాటిన మనిషి, మోచేతుల పైదాకా చొక్కా మడిచి, చెయ్యి ఇంకో తొట్టెలో పెట్టి ఉంది. “చావలేదు, ఇంకా రాలేదు,” అంది తలతిప్పకుండానే. “నీళ్లు తయారవుతున్నాయి.”

“నీళ్లు తయారవడమేంటి?”

“చేప తిన్నాక వదిలే మురికి దానికే విషం. ఆ మురికిని తినేసే సూక్ష్మజీవులు ఈ రాళ్లలో కాపురం పెట్టాలి. నెలన్నర పైనే పడుతుంది. ఏం జరుగుతోందో కంటికి కనబడదు. కనబడట్లేదు కాబట్టి ఏమీ జరగట్లేదనుకుని కొత్తవాళ్లు చేపల్ని తెచ్చి పడేస్తారు. మూడో రోజుకి ఏడుస్తూ వస్తారు.”

ఆ మాట విని గొడుగు ముయ్యడం మర్చిపోయి కొట్టంతా తడిపేశాను. కనబడని పని జరుగుతుందని, అది లేకపోతే మిగతావాళ్లు బతకరని ఇంత మామూలుగా చెప్పిన మనిషి నాకు జీవితంలో ఎదురుపడలేదు. ఆ సాయంత్రం అరవై సెంటీమీటర్ల తొట్టి కొనేశాను. మర్నాడు స్నానాలగదిలో ఉప్పు కలిపింది దానికోసమే.

దాన్ని హాల్లో ఉత్తరం మూల పెట్టాను. అక్కడ ఆయన రాతబల్ల ఉండేది. అది ఆయనతోపాటు ఉత్తరాదికి వెళ్లింది గానీ కాళ్ల గుంటలు నాలుగూ చెక్కనేలలో అలాగే ఉన్నాయి. తొట్టి స్టాండు వాటిని కప్పేసింది. మొదటి వారం రాళ్ల కంపు భరించలేకపోయాను. రెండో వారం పరీక్ష గొట్టంలో నీళ్లు ముదురు రంగు తిరిగాయి, విషం పెరుగుతోందన్నమాట. “మంచిదే, పెరిగి తగ్గాలి,” అంది ఉషియామా-సాన్. మూడో వారం నేను తప్పు చేశాను. చలికి హీటర్ పెట్టడంతో నీళ్లు రోజూ వేలు మందం తగ్గేవి. నేను రోజూ ఉప్పునీళ్లు కలిపి నింపేదాన్ని, సముద్రం కదా అని. ఒకరోజు దుర్భిణి గొట్టంలో చూస్తే గీత ఎక్కడో పైనుంది. పరుగెత్తుకుంటూ కొట్టుకి వెళ్లాను.

ఆవిడ నవ్వలేదు. “ఆవిరయ్యేది నీళ్లే. ఉప్పెక్కడికీ పోదు, లోపలే ఉండి ముదురుతుంది. తగ్గినంత మంచినీళ్లు పోయండి చాలు.”

దారంతా ఆ మాటే నమిలాను. నిజమే, మనిషి వెళ్లిపోయాడు, ఆయన మాటలు ఎక్కడికీ పోలేదు. ఎవరూ తినని ఇంట్లో పులుసు రుచి చూస్తూ ఇంకా భయపడుతున్నాను. పైగా పాత మాటలు తలుచుకుని తలుచుకుని నేనే రోజూ ఉప్పు పోసుకుంటున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి తొట్టెలో మంచినీళ్లు పోశాను. తర్వాత నిమ్మచెక్క చెత్తలో పడేసి, వేడివేడి తొట్టెస్నానం ముందు నేనే చేసి, ఆ తర్వాతే అన్నం వండుకున్నాను.

డిసెంబరు చివరికి రాళ్ల మీద గోధుమరంగు జిగురు పట్టింది. తొట్టి పక్వానికొస్తోందనడానికి అది గుర్తట. పరీక్ష గొట్టం కూడా తేటగా వచ్చింది, కొత్త సంవత్సరం వెళ్లగానే చేపలు తెచ్చుకోవచ్చు. ఇరవై ఎనిమిదో తారీఖు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. అత్తయ్య వచ్చింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, ఏటా ఏడాది చివరి దులుపుడికి మా ఇంటికి వచ్చి నేను తుడిచిన చోటే మళ్లీ తుడుస్తుంది. గడపలోంచే కనబడింది, బాల్కనీలో పరిచిన పేపర్ల మీద నా రాళ్లు వరసగా ఆరుతున్నాయి, తెల్లగా, ఎముకల్లా. తొట్టెలో నిండా కుళాయినీళ్లు ఉన్నాయి. ఆవిడ చేతిలో కొబ్బరిపీచు ఉంది.

“ఎంత పాచి పట్టించావే!” అంది. “మొగుడు ఊళ్లో లేకపోతే ఇంత అశ్రద్ధా? వేడినీళ్లు పోసి తోమితే గానీ వదల్లేదు. నా నడుం పడిపోయింది.”

ఇలాంటప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది, “మీకు శ్రమ ఇచ్చాను అత్తయ్యా, క్షమించండి” అని. నోటిదాకా వచ్చింది. కానీ బయటికి వచ్చింది ఏడుపు. చెప్పులైనా విప్పకుండా గడప మీద కూలబడి ఏడ్చాను.

“అది పాచి కాదత్తయ్యా. రెండున్నర నెలల పని.”

“పనా? ఏం చేశావు నువ్వు? ఉత్త నీళ్లేగా! పనైతే కనబడాలి కదా!”

“కనబడదు. వంట కనబడుతుంది, తినేశాక అదీ కనబడదు. మీరిప్పుడు నడుం పడిపోయేలా తోమారు. రేపు మీ అబ్బాయి ఫోన్ చేసి మీ నడుం సంగతి అడుగుతారా?”

అత్తయ్య పీచు వైపు చూసుకుంది. దాన్ని కడిగి, పిండి, మేకుకి తగిలించి, కోటు వేసుకుని వెళ్లిపోయింది. ఇరవై మూడేళ్లలో ఆవిడకి నేను ఎదురు చెప్పింది అదే మొదలు. భయం వేసింది. తెల్లారి లేచేసరికి ఆ భయం కూడా లేదు, ఒళ్లు తేలికైపోయింది. పండగ వెళ్లాక కొత్త రాళ్లు తెచ్చి మళ్లీ మొదలుపెట్టాను.

జనవరి మధ్యలో ఫోన్ మోగింది. పలకరింపు లేదు, ఉపోద్ఘాతం లేదు. “పాచి పట్టిందా?” అంది అత్తయ్య.

“ఇంకా లేదండి.”

“ఊఁ.” పెట్టేసింది. వారానికోసారి అదే ప్రశ్న. క్షమించమనడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు, ఆ అవసరం కోడళ్లకే కదా. ఫిబ్రవరి నెలాఖరున “పట్టిందండి!” అన్నాను. అవతల ఆవిడ ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. నాకు నవ్వూ వచ్చింది, కళ్లమ్మట నీళ్లూ వచ్చాయి.

మర్నాడే నారింజరంగు మీద తెల్లపట్టీల చేపలు రెండు తెచ్చాను. “వీటిలో పెద్దదయ్యేది ఆడదవుతుంది. ఇక తొట్టెలో దాని మాటే మాట,” అంది సంచీకి ముడి వేస్తూ ఉషియామా-సాన్. మూడు రోజులు ఊపిరి బిగబట్టి చూశాను. నాలుగో రోజు రెండూ నా చేతి నీడ చూసి పైకొచ్చాయి. బతికాయి. నేను తయారు చేసిన నీళ్లలో బతికాయి.

మార్చి మూడో వారం ఆయన ఫోన్ చేశాడు. “ఏమోయ్, బదిలీ వచ్చింది. ఏప్రిల్ ఒకటి నుంచి మళ్లీ షిజువోకానే. బల్ల పాత చోటే పెట్టాలి, అక్కడేదో తొట్టి పెట్టావని అమ్మ చెప్పింది, అది ఖాళీ చేయించు.” మామూలుగా అయితే ‘సరేనండి’ అనేదాన్ని. “చూద్దాం” అన్నాను. ఆయన వినిపించుకున్నట్టు లేదు.

కొట్టుకి వెళ్లి, తొట్టిని వేరే చోటికి జరపొచ్చా అని అడిగాను. “నీళ్లన్నీ తోడెయ్యాలి, మళ్లీ సగం మొదటికొస్తుంది. ఎందుకూ?” అంది ఉషియామా-సాన్.

“మా ఆయన వస్తున్నారు. బల్ల పెట్టాలి.”

“తొట్టి తొంభై కిలోలుంటుంది. బల్లెంత?”

“ఇరవై ఉంటుందేమో.”

“మరి ఏది జరపడం తేలిక?” అని చేతులు తుడుచుకుంటూ తన పనిలోకి వెళ్లిపోయింది.

సామాను లారీ వచ్చిన రోజు అత్తయ్య కూడా వచ్చింది. ఇద్దరు మనుషులు బల్ల మోసుకొచ్చి, “ఎక్కడ పెట్టమంటారు?” అన్నారు. ఆయన మూల వైపు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే, “మేడ మీద, కిటికీ పక్క గదిలో పెట్టండి,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. వాళ్లు మెట్లెక్కారు. ఆయన నా వైపు కాదు, వాళ్లమ్మ వైపు చూశాడు.

“ఆ తొట్టి జోలికి పోకు,” అంది అత్తయ్య. “నేను పోయి చూశాను. చిగుసా రెండున్నర నెలలు చేసిన పని, గంటలో కడిగి పారేశాను.” ఆ మాట అని వంగి, ముక్కు అద్దానికి ఆనించి, రాళ్ల మీది పాచి చూసుకుంది.

మర్నాడు పొద్దున్న, రాత్రి ఉండిపోయిన అత్తయ్యతో కలిపి ముగ్గురికీ అన్నం, కాల్చిన చేప, మీసో పులుసు పెట్టాను. ఆయన పేపరు మీంచి కళ్లెత్తకుండా గిన్నె పెదవులకి ఆనించాడు.

“ఉప్పు ఎక్కువైంది.”

నా మోకాళ్లు వాటంతటవే లేవబోయాయి. వాటిని ఆపాను.

“వేడినీళ్లు కెటిల్లో ఉన్నాయి. తగ్గినంత పోసుకోండి,” అన్నాను.

ఆయన గిన్నె నా వైపు జరిపాడు. అత్తయ్య చేప ముల్లు తీసుకుంటూ తలెత్తలేదు. చివరికి ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. అలమార్లు తెరిచి మూసిన చప్పుడు, తర్వాత గొంతు వినబడ్డాయి.

“ఎంత పొయ్యాలోయ్?”

“మీ నాలుకకి ఎంత కావాలో అంత.”

నా గిన్నె ఎత్తి తాగాను. సరిపోయింది.