మూడు అతుకుల కుర్చీ

నేను ఒక ఇనుప కుర్చీని. తణుకులో వెల్డింగ్ షాపు సత్తిరాజు నన్ను ఒక్క మనిషి కోసం చేశాడు. ఆవిడ పేరు భ్రమరాంబ, జాకెట్లు కుడుతుంది. ఒక పెళ్లిలో ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు విరిగి ఆవిడ కింద పడితే, బంధువులు ముందు నవ్వి తర్వాత లేపారు. వారం తిరక్కుండా నేను పుట్టాను.

అప్పటినుంచి ఎక్కడ శుభకార్యమైనా ఆవిడకంటే ముందు నేను ఆటోలో దిగేదాన్ని. భర్త గవర్రాజు నన్ను మోసుకెళ్లి భోజనాల బల్ల చివర వేసేవాడు. జనం దారిచ్చి మరీ నన్ను లోపలికి పంపేవారు. ఆవిడ వచ్చేసరికి మాత్రం మోచేతులతో పొడుచుకుని నవ్వుకునేవారు. ఆవిడ తలెత్తకుండా తిని వచ్చేసేది.

మధ్యాహ్నం మిషను ముందు నా మీదే కునుకు తీసేది. గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది. మళ్లీ అందుకునేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోకపోతే నిద్రలోనే పోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆవిడకేమో ఆపరేషన్ అంటేనే హడల్. వాళ్ల పిన్ని పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి నడిచి వెళ్లి, మళ్లీ ఇంటికి రాలేదు. దానికితోడు ఆడపడుచు వచ్చి, "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావేంటి వదినా?" అని దెప్పి పోయింది. భ్రమరాంబ రెండుసార్లు తేదీ ఖాయం చేసుకుని, జ్వరమని అబద్ధమాడి మానేసింది.

ఈలోగా నా కాలు మళ్లీ వంగింది. సత్తిరాజు వచ్చి నన్ను తిరగేశాడు.

"ఇది మూడోసారండి. కాలు కోసేసి మందం పైపు ఏసేత్తానండి. బెంగెట్టుకోకండి."

"మళ్లీ వంగితే?" అని ఆవిడ అడిగింది.

"మళ్లీ కోద్దామండి. ఇనుమే కదండీ!"

అతను కొత్త కాలు అతికి వెళ్లాక ఆవిడ ఇంకా వెచ్చగా ఉన్న నా అతుకుల్ని తడిమి చూసింది.

"ఏవండీ, నాకోసం దీన్ని ఇన్నిసార్లు కోయించారు. నేను ఒక్కసారి కోయించుకోడానికి భయపడి చస్తున్నాను. భయం పోలేదండి. అది పోయేదాకా ఆగితే నేను మిగిలేట్టు లేను. డాక్టరుగారికి ఫోన్ చెయ్యండి."

గవర్రాజు ఫోన్ తీశాడు. డాక్టరు నంబరు కలిపాడు.

బయల్దేరే రోజు ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "నేనొచ్చాక దీన్ని పాత ఇనుముకి ఇచ్చేద్దామండి" అంది. గవర్రాజు దుమ్ములేని నన్ను తువ్వాలుతో తుడిచాడు.

ఆపరేషన్ ఈ ఉదయమే. ఇల్లు తాళం వేసి ఉంది. కబురు నాదాకా ఎవరు తెస్తారు? వీధిలో పాత ఇనుము కొనేవాడి కేక వినిపిస్తోంది. ఇదివరకు ఆ కేక వింటే నాకు గుండె గుభేలుమనేది. ఇవాళ వాడు మా వీధి మర్చిపోకూడదని కోరుకుంటున్నాను. ఆవిడ తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి, తన నోటితోనే వాణ్ణి పిలవాలి.