మీటరుకు వెల్వెట్ గలీబు

మా ల్యాబ్‌లో ఒక మీటరు ఉండేది. దానికి నాకంటే ఎక్కువ మర్యాద జరిగేది. ల్యాబ్ అటెండరు పరుశురాం అన్న పొద్దున్నే దాని బల్ల తుడిచాకే మిగతావి ముట్టుకునేవాడు. దాని ఒంటి మీద ఎర్ర వెల్వెట్ గలీబు, అంచులకు జరీ. కుట్టింది మా గైడు ఉమాపతి సార్ భార్య భారతమ్మ గారు. తార్నాకలో వాళ్ళింట్లో ఫ్రిజ్‌కు, మిక్సీకి, వాషింగ్ మెషీన్‌కు గలీబులు కుట్టాక ముక్క మిగిలిందట. సార్‌కు ఆ మీటరంటే ప్రాణం కాబట్టి దానికీ కుట్టారు. అంకెలు కనపడడానికి, వైర్లు పెట్టడానికి ముందు మాత్రం కిటికీలా కత్తిరించారు.

నా పీహెచ్‌డీ అంతా ఆ కిటికీలో కనపడే అంకెల మీదే నిలబడింది. గాజు పలక మీద పలుచని లోహపు పొర వేసి, అది కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలవడం నా పని. పొద్దున ఒక అంకె వచ్చేది. మధ్యాహ్నానికి అది పెరిగేది. ఏ రోజు చూసినా అంతే. పదార్థం కూడా మనిషిలాగే పనిచేసి అలసిపోతుందని, ఈ సంగతి లోకానికి ఇంతవరకూ తెలియదని సార్ తేల్చారు. దానికి ‘ఉమాపతి అలసట’ అని పేరు పెట్టారు. పేరులో నాకు చోటు దొరకలేదు గానీ, మూడేళ్ళ చాకిరీకి డాక్టరేటయినా వస్తుంది కదా అని నోరు మూసుకున్నాను.

థీసిస్ ఇచ్చే ముందు బయటి నిపుణుడి ఎదుట సెమినార్ చెప్పాలి. అది దగ్గర పడుతుంటే భయం పట్టుకుంది. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో పనిచేసే నా స్నేహితురాలు మనీషాకు నా పొర ఇచ్చి, వాళ్ళ మీటరు మీద కొలవమన్నాను. తార్నాక చౌరస్తా దగ్గర టిఫిన్ సెంటర్‌లో కలిసింది.

“నీ పొర అలసిపోతలేదే,” అంది ఇడ్లీ తుంచుతూ. “పొద్దుగాల ఎంతనో సాయంత్రం గూడ గంతే. మీ మీటర్ సరిగ్గ కొలుస్తున్నదో లేదో కాలిబ్రేషన్ చేయించుండ్రి.”

దోసె సగంలో వదిలేశాను. తిన్నగా వెళ్ళి సార్‌కు చెప్పాను.

“వాళ్ళ మీటర్ ఎప్పుడు కొన్నరంట?” అని అడిగారు సార్.

“పోయినేడు సార్.”

“మనది పన్నెండేండ్ల సర్వీసు. జూనియర్ మాట విని సీనియర్‌ను అనుమానిస్తవా?”

నా పోరు పడలేక చివరికి బయట కాలిబ్రేషన్‌కు పంపారు. బాగానే ఉందని స్టిక్కర్ అంటించుకొని తిరిగి వచ్చింది. రాగానే పరుశురాం అన్న దానికి గలీబు తొడిగాడు. మధ్యాహ్నానికి అంకె పెరిగింది. వైర్లు మార్చాను, ప్లగ్గు మార్చాను, చివరికి పొరను కూడా మార్చాను. అయినా పెరిగింది.

“తప్పుగ అనుకోకుండ్రి మేడం,” అన్నాడు పరుశురాం అన్న. “దాని మొఖం దక్షిణం దిక్కున్నది. వాస్తు కలుస్తలేదు.”

సార్ ఆ మాట తీసిపారేస్తారనుకున్నాను. సార్ ఫోన్‌లో దిక్సూచి తెరిచారు. వెల్వెట్ మీద చెయ్యి జారుతుందని గలీబు తీసి, ఇద్దరూ చెరోవైపు పట్టుకొని మీటరును తూర్పుకు తిప్పారు. ఆ రోజు అంకె కదల్లేదు.

నేను నమ్మలేక మళ్ళీ మళ్ళీ కొలిచాను. సార్ ముఖం మాత్రం వెలిగిపోయింది. “చూసినవా? దక్షిణంల అలసట, తూర్పుల హుషారు. ఇది రెండో డిస్కవరీ. ఇంకో చాప్టర్ రాయి.”

మర్నాడు పరుశురాం అన్న గలీబు తొడిగాడు. మీటరు తూర్పునే చూస్తోంది. అంకె మళ్ళీ పెరిగింది.

“ఇయ్యాల మంగళవారం,” అన్నారు సార్. “వారం గూడ రాసుకో.”

నాకు ఒళ్ళు మండింది. దిక్కులూ వారాలూ పక్కన పెట్టి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటా అని చూశాను. గలీబు కింద చెయ్యి పెట్టాను. మీటరు జ్వరమొచ్చిన పిల్లలా కాలిపోతోంది. వేడి బయటికి పోయే సందులన్నీ వెల్వెట్ కింద మూసుకుపోయాయి. నా పొర అలసిపోవడం లేదు, మీటరుకు ఉక్కపోస్తోంది. కాలిబ్రేషన్‌కు అది గలీబు లేకుండా వెళ్ళింది కాబట్టి అక్కడ బుద్ధిగా ఉంది.

సార్‌కు చెప్పాను. ఆయన లేచి తలుపు వేశారు. “ఆ బట్ట తీస్తే ఇంట్ల నాకు అన్నం పుట్టదు, ఈడ నీకు డాక్టరేట్ పుట్టదు. సప్పుడు చెయ్యకు.”

నాకూ చప్పుడు చేయాలని లేదు. లాలాగూడలో మా నాన్న అప్పుడే అందరికీ డాక్టర్ నవనీత అని చెప్పుకున్నాడు. పక్కింటావిడ మోకాళ్ళ నొప్పికి మందు కూడా అడిగింది. సెమినార్ మా ల్యాబ్‌లోనే. ఆ రోజు పొద్దున మీటరుకు పొర తగిలించి, గలీబు తీసి సొరుగులో పెట్టాను. అంతకు మించి ధైర్యం చాల్లేదు.

బయటి నిపుణుడు ఆత్రేయ గారు వచ్చి కూర్చున్నారు. భారతమ్మ గారు అందరికీ గారెలు వండి తెచ్చారు. గిన్నె బల్ల మీద పెడుతూనే మీటరును చూసి ఆగిపోయారు.

“నా గలీబు ఏది?”

“దుమ్ము పడితే పాడవుతుంది, కప్పండి,” అన్నారు ఆత్రేయ గారు గారె కొరుకుతూ.

సార్ స్వయంగా సొరుగు తెరిచి తొడిగారు. నేను స్లైడ్లు చూపించడం ముగించేసరికి అంకె పైకి పాకింది.

“చూడండి, అలసిపోయింది,” అన్నారు సార్.

ఆత్రేయ గారు కళ్ళజోడు సవరించుకొని చూశారు. “అద్భుతం,” అన్నారు. ఇక నోరు మూసుకుంటే చాలు, నేను డాక్టరును. కానీ ఆ అబద్ధం పక్కన నా పేరు చూసుకోలేననిపించింది. లేచి వెళ్ళి గలీబు లాగేశాను.

“అందరూ ఇంకో గారె తినండి,” అన్నాను.

గారెలు అయిపోయేసరికి అంకె దిగివచ్చింది. భారతమ్మ గారు నా చేతిలోంచి గలీబు తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశారు.

“అంటే బిడ్డా, మూడేండ్ల సంది నువ్వు నా గలీబును చదువుతున్నవా?”

“అవును ఆంటీ.”

అన్నీ మళ్ళీ కొలిచి ఏడాదికి రమ్మన్నారు ఆత్రేయ గారు. నాకు ఏడుపు ఆగలేదు. భారతమ్మ గారు ఆ గలీబుతోనే నా ముఖం తుడిచారు. జరీ చెంపకు గుచ్చుకుంది.

“ఇగ మంచిగ చదువుకో,” అని దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నారు.