శేషం మిగలని బోటు

తెల్లారి బోట్లు కదిలేముందు ఫిషింగ్ హార్బర్‌లో ఈశ్వరికి రోజూ ఒకటే పని, ఐస్ ఫ్యాక్టరీ గోడ మీద సుద్దముక్కతో భాగహారాలు చెయ్యడం. బోటు నంబరుని అందులో ఎక్కే మనుషుల సంఖ్యతో భాగిస్తుంది. ఎంతోకొంత శేషం మిగిలితే బోటు వెళ్తుంది. మిగలకపోతే బోటెక్కినవాళ్ళందర్నీ సముద్రం సమానంగా పంచేసుకుంటుంది గనక, ఒకర్ని దించో ఎక్కించో పంపుతారు. డీజిల్ చూసుకున్నట్టే ఇదీ చూసుకుంటారు.

వేటకెళ్ళే మగవాళ్ళని వేలుపెట్టి లెక్కపెట్టడం మాత్రం అపశకునం. అందుకని అన్నం క్యారేజీలు లెక్కపెడతారు. ఆ రోజు ఈశ్వరి మొగుడు తాతబాబు నడిపే బోటులో ఆరు క్యారేజీలున్నాయి. బోటు నంబరు ఇరవై రెండు లక్షల యాభై ఒక్క వేల ఆరువందల నలభై ఎనిమిది. ఆరుతో భాగిస్తే నాలుగు మిగిలింది. ఈశ్వరి చెయ్యూపింది.

గంట తిరక్కుండా, వల బాగుచేసుకుంటున్న పోతమ్మ మాటల్లో మాటగా అంది, ఇవాళ తన చిన్నకొడుకు కూడా అన్నతోపాటు అదే బోటెక్కాడని. ఇద్దరికీ ఒకే క్యారేజీ సర్దిందట.

ఈశ్వరి సుద్దముక్క అందుకుంది. గోడ దగ్గరికి పరిగెత్తి ఏడుతో భాగించింది. సున్నా. మళ్ళీ చేసింది. మళ్ళీ సున్నాయే. ఇన్నేళ్ళలో తప్పని లెక్క తప్పి తప్పి సొంత మొగుడి బోటు దగ్గరే తప్పింది.

బ్రేక్‌వాటర్ రాళ్ళగట్టు అవతల బోటు కదలకుండా నిలబడిపోయింది. దాని చుట్టూ ఏడు సుడులు, అన్నీ ఒకే కొలత. ఎవర్నీ దించి లాభం లేదు. ఒకసారి ఎక్కినవాడు ఒడ్డు చేరేదాకా సముద్రం లెక్కలో ఉన్నట్టే. ఇంకొకర్ని ఎక్కించడమొక్కటే దారి. రేవులో మిగిలింది ముసలి కృష్ణంరాజు తెప్ప, దానిమీద ఇంకొక్కరికే చోటు. ఈశ్వరి ఎక్కి కూర్చుంది.

సగం దూరం పోయాక ముసలాయన తెడ్డు ఆపేశాడు.

"ఎనిమిదితోనూ శేషం లేకుండా పోద్దే పిల్లా. ఆకరి మూడంకెలూ సూడు. ఎనిమిది ఎనభై ఒకట్లు. నువ్వెక్కితే నువ్వూ పోతావ్. నానూ ఎక్కుదామంటే ఈ కీళ్ళతో పైకి ఎగబాకలేను."

"నానొక్కదాన్నే కాదు మావా."

ఆ మాట ఆమె ఇంకా మొగుడికే చెప్పలేదు. నెల తప్పి ఇరవై రోజులు. నంబరులో అంకెలన్నీ కూడుకుంది, ఇరవై ఎనిమిది. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు పోతే ఒకటి మిగులుతుంది. తొమ్మిదిమందైతే గండం లేదు. కానీ గింజంత కూడా లేనిదాన్ని సముద్రం మనిషి కింద లెక్క కడుతుందా? కట్టకపోతే తనతో కలిసి ఎనిమిదిమందీ పోయినట్టే. వెనక్కి తిప్పమనే మాట నోటిదాకా వచ్చింది.

"పోనియ్ మావా," అంది.

బోటు మీంచి తాతబాబు వద్దు వద్దని చేతులూపుతూనే ఉన్నాడు. ఆమె బోటు పక్కన వేలాడే టైరు పట్టుకుని ఎగబాకింది. కాలు మోపగానే ఎనిమిదో సుడి లేచింది, మిగతా ఏడింటితో సరిసమానంగా. బోటు ఒక పక్కకి ఒరిగింది. పోతమ్మ కొడుకులిద్దరూ ఒకర్నొకరు పట్టుకున్నారు. ఈశ్వరి కళ్ళు మూసుకుని, రెండు చేతులా కడుపు పట్టుకుని, ఉన్నానని చెప్పవే తల్లీ అని బతిమాలుకుంది.

కళ్ళు తెరిచేసరికి బోటు పక్కన తొమ్మిదో సుడి తిరుగుతోంది, బొటనవేలంత. పంపకం కుదరక నీళ్ళు కాసేపు తారట్లాడి, సుడులన్నీ ఒక్కొక్కటే మూసుకుపోయాయి. ఆ చిన్నది అన్నిటికన్నా ఆఖరున పోయింది.

తాతబాబు ఇంకా దాన్నే చూస్తున్నాడు. "ఆ సిన్నది ఎవులిదే?" అన్నాడు.

ఈశ్వరి డెక్కు మీద కూలబడి, ఏడుస్తూనే, "మనదే" అంది.