తూము దగ్గర తలుపు

పద్మనాభయ్య ఇంట్లో వంతుల పుస్తకం దేవుడి గూట్లో ఉండేది. అది వాళ్ల నాయన పెట్టిన పద్ధతి. ఊరి చెరువు నుంచి తూర్పుగా సముద్రం వైపు పోయే కాలువ కింద పన్నెండు ఇళ్ల వాళ్లకు మాగాణి ఉంది. ఇంటికొక దినం నీళ్లు, పొద్దు పొడిచింది మొదలు మళ్లీ పొద్దు పొడిచేదాకా. పన్నెండు దినాలకు ఒక చుట్టు. ఏ దినం ఎవరిది, ఎవరు ఎవరితో మార్చుకున్నారు అనేదంతా ఆ పుస్తకమే చెప్పేది. అట్ట మీద పసుపు బొట్లు, మొదటి పేజీలో శ్రీరామ. స్నానం చేసి బొట్టు పెట్టుకుంటే తప్ప పద్మనాభయ్య దాన్ని ముట్టడు. అమావాస్యనాడు తెరవడు. రాహుకాలంలో ఎవరైనా వస్తే, "కాసేపు కూర్చో, వేళ దాటనీ" అంటాడు. చదివింది ఐదో తరగతి. అబద్ధం రాయడని మాత్రం బోగోలు దాకా పేరుంది.

పందొమ్మిదివందల అరవై నాలుగో సంవత్సరం, పుష్యమాసం చివర్లో కావలిలో ఆయన చిన్నాయన పోయినాడు. పది దినాలు మైల. దేవుడి గూటికి తెర వేశారు, తెర వెనక పుస్తకం ఉండిపోయింది. నీళ్లు మాత్రం ఆగలేదు. ఒకరికి ఎరువు చల్లిన మడి తడవాలి, ఇంకొకరికి పెళ్లి ప్రయాణం. వంతులు మార్చుకున్నవాళ్లు వచ్చి గడప ఇవతల నిలబడి చెప్పిపోతున్నారు. పద్మనాభయ్య తిన్నె మీద కూర్చుని తల ఊపుతున్నాడు. "మైల తీరినాక రాస్తాలే."

పదకొండో దినం మంగళవారం. శుద్ధి అయింది, పుస్తకం తీసినాడు, గుర్తున్నవి నాలుగు మార్పులు రాసినాడు. మనసులో ఎక్కడో వెలితిగా ఉంది. ఏదో ఒకటి జారిపోయిందని తెలుసు, అది ఏదో తెలియలేదు.

మర్నాడు తెల్లవారి తెలిసింది.

పార భుజాన వేసుకుని నవోమి వచ్చి వాకిట్లో నిలబడింది. ఊరికి దిగువన పల్లెలో నాలుగు క్రైస్తవుల ఇళ్లున్నాయి, కాలువ చివరి భూములు వాళ్లవి. బంజరు కొట్టి సాగులోకి తెచ్చుకున్న నేల. అన్నిటికంటే కొసన ఉన్న ఎకరం నవోమిది. మొగుడు పోయినాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటోంది. ఆమె వెనకాలే చెంచురామయ్య వచ్చినాడు. ఆయనకు తూము పక్కనే నాలుగెకరాలు.

"అయ్యా, ఈ దినం నీళ్లు నావి," అంది నవోమి. "పోయిన శుక్రవారం నా వంతు చెంచురామయ్యగారు అడిగి తీసుకున్నారు. బదులు ఈ బుధవారం తన వంతు ఇస్తానన్నారు. ఇద్దరం వచ్చి మీకు చెప్పినాం గదా. ఇప్పుడు తూము దగ్గరికి పోతే, యాడికొచ్చినావు అంటుండారు."

"పుస్తకం చూడన్నా," అన్నాడు చెంచురామయ్య తాపీగా. "అందులో ఉంటే ఇప్పుడే గండి కడతా."

పద్మనాభయ్య పుస్తకం తెచ్చి తెరిచినాడు. శుక్రవారం ఎదురుగా నవోమి పేరు, బుధవారం ఎదురుగా చెంచురామయ్య పేరు. మార్పు లేదు. కళ్లు మూసుకుంటే ఎండలో గడప ఇవతల రెండు నీడలు నిలబడినట్టు లీలగా కనిపిస్తోంది. అది ఏ దినమో, ఎవరి మాటో మాత్రం పట్టుకు రావడం లేదు. పది దినాల్లో ఆ గడప ముందు ఎన్ని నీడలు నిలబడలేదు!

"మీరు తల ఊపినారయ్యా," అంది నవోమి.

"ఊపే ఉంటాను," అన్నాడాయన. పుస్తకం మూసినాడు. "రాయలేదు."

"రాయనిది నాకు తెలవదన్నా. మీ నాయన కాలం నుంచీ అదే గదా మాట," అని చెంచురామయ్య వెళ్లిపోయినాడు.

నవోమి కదల్లేదు. ఆమె వంతు మళ్లీ వచ్చే బుధవారం దాకా రాదు. ఇంకా ఏడు దినాలు. ఆ కొసన నేల తడి ఉన్నన్నాళ్లే నేల. సముద్రం కోసెడు దూరం. మడి ఎండితే ఉప్పు పైకి లేచి తెల్లగా పూస్తుంది. మొలగొలుకుల వరి చిరుపొట్ట మీదున్నప్పుడు ఉప్పు పూసిందంటే కంకుల్లో గింజ ఉండదు, అంతా తాలే.

"శనివారం నా వంతు," అన్నాడు పద్మనాభయ్య. "నువ్వు పెట్టుకో."

"దానమా అయ్యా?"

"తప్పు నాది."

"మీరిచ్చే నీళ్లు నాకొద్దయ్యా. నాకు రావలసిన నీళ్లు గావాల. ఈ దినం మీరు దయతలిస్తిరి. రేపు ఇంకో తడవ నా మాట పుస్తకంలో లేకపోతే, అప్పుడు ఎవరి దయకు పోయేది?" అని పార భుజానికెత్తుకుని పోయింది.

ఆ పూట పద్మనాభయ్యకు అన్నం సహించలేదు. భార్య ఆదిశేషమ్మ మజ్జిగ పోస్తూ, "మైలలో పుస్తకం ముట్టకపోతే తప్పెట్టా అవుతుంది? ముట్టింటే తప్పయ్యేది," అంది.

"కాలవ ముట్టుకున్నా గదే. మైల మూడో దినం మన వంతు. మనిషిని పంపి నీళ్లు పెట్టించినా. నీళ్లకు లేని మైల నీళ్ల రాతకు ఎక్కడి నుంచి వచ్చింది?"

"నన్నడిగితే? మీ నాయన్నడగాల."

"ఆయన ఉంటే అడిగుండేవాణ్ణి," అన్నాడు. దేవుడి మీద ఆయనకు అనుమానం లేదు. తన మీదే. పుస్తకాన్ని దేవుడి కాళ్ల దగ్గర పెట్టింది భక్తితోనా, ఇంకెవరి చెయ్యీ దాని మీద పడకూడదనా? ఆ రెండూ ఎప్పుడు కలిసిపోయినాయో తనకే తెలియలేదు.

సాయంత్రం చాకలి పోలేరయ్య మాసిన బట్టలు ఉతికి తెచ్చినాడు. తిన్నె మీద మూట విప్పితే ఎనిమిది ఇళ్ల బట్టలూ కలగాపులగంగా ఉన్నాయి. మాట్లాడుతూనే చేతులతో ఎనిమిది దొంతులు వేసేశాడు. ఒక్క కండువా కూడా మారలేదు.

"చదువు లేదు గదా పోలేరయ్యా, ఇవన్నీ ఎట్టా జ్ఞాపకం పెట్టుకుంటావు?"

"జ్ఞాపకం నాకెందుకు సామీ, గుడ్డకుంటే చాలు," అని నవ్వుతూ పోలేరయ్య ఒక పంచె కొస తిప్పి చూపించినాడు. మూడు చుక్కలు, కింద ఒక గీత. "ఇది మీ ఇల్లు. రెండు నిలువు గీతలు, మధ్యన చుక్క, చెంచురామయ్యగారు. ఊళ్లో ఎవరినడిగినా వాళ్ల గుర్తు వాళ్లు చెప్తారు. నేను లేకపోయినా నా పెళ్లాం పంచుతుంది. నల్ల జీడిగింజ రసంతో పెట్టిన గుర్తు సామీ, రేవులో బాదినా పోదు. సున్నం తగిలితే ఇంకా గట్టిపడతది."

పద్మనాభయ్య ఆ పంచె కొసను చాలాసేపు చూసినాడు. తర్వాత లేచి గొడ్ల కొట్టం దగ్గరికి పోయి, తలుపు రెక్కను రెండు చేతులా పట్టుకుని ఊపి చూసినాడు.

"అయ్యో, అయ్యో! దూడ బయటికి పోతుందయ్యా!" అని ఆదిశేషమ్మ అరుస్తూనే ఉంది. తలుపు ఊడొచ్చింది.

గురువారమంతా ఆయన ఆ పని మీదే ఉన్నాడు. తలుపుకు సున్నం కొట్టి, ఆరినాక బొగ్గుతో పన్నెండు గళ్లు గీసినాడు. ప్రతి గడిలో పైన ఒక చిన్న చదరం, వంతు ఎవరిదో దానికి. కింద పెద్ద చదరం, ఆ దినం నీళ్లు పెట్టుకున్నది ఎవరో దానికి. తూము పక్కన రెండు గుంజలు పాతి తలుపును నిలబెట్టినాడు. పన్నెండు ఇళ్లకూ తానే పోయి చెప్పినాడు. శుక్రవారం పొద్దున గొడ్లను తోలినాక అందరూ తూము దగ్గరికి రావాలి.

అందరూ వచ్చేసరికి పదిన్నర దాటింది.

"శుక్రవారం, పదిన్నర," అన్నాడు చెంచురామయ్య పైకి చూసి. "రాహుకాలం గదన్నా. నువ్వే మర్చిపోయినావా?"

పద్మనాభయ్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రాముణ్ణి తలుచుకున్నాడు. "మర్చిపోలేదు. నీళ్లు పారుతుండాయి గదా, పని చేసుకుందాం," అన్నాడు.

తర్వాత అందరికీ వినపడేలా చెప్పినాడు. "ఇన్నాళ్లూ మీరు చెప్తే నేను రాసినా. నేను మరిచిపోతే మీ మాట పోయింది. ఇక నేను రాసేది లేదు, ఎవరిది వాళ్లే పెట్టాల. పోలేరయ్య మన గుడ్డల మీద పెట్టే గుర్తు ఉందే, అదే ఇక్కడ పెట్టాల. ఒకరి గుర్తు ఇంకొకరు పెట్టకూడదు. పెట్టింది చెరపకూడదు. తప్పు పెడితే పైన అడ్డగీత గీసి పక్కన మళ్లీ పెట్టాల, ముందేముందో కనపడుతుండాల. వంతు మార్చుకుంటే ఇచ్చినవాడి గుర్తూ, పుచ్చుకున్నవాడి గుర్తూ ఒకే గడిలో ఉండాల. ఒక్కటే ఉంటే అది మార్పు కాదు. చుట్టు అయిపోయినాక నేను చూసి పుస్తకంలో ఎక్కిస్తా, మళ్లీ సున్నం కొడతా."

"బాగుంది," అన్నాడు చెంచురామయ్య. "రెడ్లూ కరణాలూ పోయి చాకలి గుర్తులు రాజ్యమేలే కాలమొచ్చింది. అందరూ రాస్తే అదొక రాతా అన్నా? పందులు పాడు చేసిన చేను మాదిరి అవుతుంది."

"నీ పంచె ఎప్పుడన్నా నా ఇంటికొచ్చిందా చెంచురామయ్యా?" అంది గురవమ్మ. ఎనిమిదో వంతు ఆ ముసలామెది, నోటికి భయపడదు. "రాలేదు గదా. ఆ గుర్తులే గదా కాపాడింది."

అందరూ నవ్వినారు. పోలేరయ్య జీడిగింజ రసం ఉన్న చిప్ప, వేపపుల్ల తెచ్చి ముందు పెట్టినాడు. పద్మనాభయ్య తన గడిలో పైన చిన్న చదరంలో మూడు చుక్కలు, గీత పెట్టినాడు. ఆయన తర్వాత ఒక్కొక్కరే వచ్చినారు.

నవోమి దాకా వచ్చేసరికి పుల్ల ఆగింది.

"నాకు గుర్తు యాడిదయ్యా?" అంది. "మా నాలుగిళ్ల బట్టలు పోలేరయ్య ఉతకడు గదా."

పోలేరయ్య తల దించుకున్నాడు. పద్మనాభయ్యకు చెంప మీద కొట్టినట్టయింది. రెండు దినాలుగా ఎన్ని ఆలోచనలు చేసినాడు! గుర్తులు ఊళ్లో అందరికీ ఉన్నాయనే అనుకున్నాడు. ఆ 'అందరూ' ఎనిమిది ఇళ్లేనని తోచలేదు.

"నాకు అక్షరాలు వచ్చు, పేరు రాయనా?" అని అడిగింది నవోమి.

"రాస్తే నాకెట్టా తెలుస్తది తల్లీ?" అంది గురవమ్మ. "బొమ్మ ఏదన్నా గియ్యి."

నవోమి పుల్ల ముంచి ఒక వంపు గీత గీసింది, దానికో చిన్న పిడి పెట్టింది. కొడవలి. పల్లెలో మిగిలిన మూడిళ్ల వాళ్లలో ఒకరు గాలం గీసినారు, ఒకరు నిచ్చెన, ఒకరు గుండ్రంగా పల్లెం. పోలేరయ్య దగ్గరికొచ్చి, వంగి, నాలుగింటినీ వేలితో గాల్లో గీసుకుని నేర్చుకున్నాడు.

ఇక జరిగిపోయిన పన్నెండు దినాలకు నీళ్లు పెట్టుకున్నవాళ్లు గుర్తులు వేయడం మొదలైంది. మార్చుకున్నవాళ్లు జంటగా వచ్చి రెండు గుర్తులూ పెట్టినారు. చెంచురామయ్య బుధవారం గడిలో తన రెండు గీతలూ చుక్కా పెట్టి చేతులు దులుపుకున్నాడు.

చూస్తుండగానే తలుపు నిండింది. ఒక్క గడి తప్ప. పోయిన శుక్రవారం. పైన చిన్న చదరంలో కొడవలి. కింద తెల్లటి సున్నం.

"నవోమీ, శుక్రవారం నువ్వు నీళ్లు పెట్టుకున్నావా?" అని అడిగినాడు పద్మనాభయ్య.

"లేదయ్యా."

"మిగిలిన పదకొండు మందిలో ఎవరు పెట్టుకున్నారు?"

ఎవరి చెయ్యీ పుల్ల మీదికి పోలేదు.

"అయితే ఆ దినం నీళ్లు యాటికి పోయినట్టు? ఎగిరి బిట్రగుంట రైలెక్కినాయా?" అంది గురవమ్మ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరి చూపూ ఆ తెల్లటి చదరం మీదే ఉంది. ఎవరూ చెంచురామయ్య వంక చూడలేదు, చూడవలసిన అవసరం కనపడలేదు. పుస్తకంలో అయితే రాయని మాట ఎవరికీ కనిపించదు. ఇక్కడ రాయనిదే అన్నిటికంటే ముందు కనిపిస్తోంది.

చెంచురామయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నేను పెట్టుకోలేదన్నానా?" అన్నాడు చివరికి. "పుస్తకంలో లేదన్నా, అంతే." పుల్ల అందుకుని ఖాళీ చదరంలో రెండు గీతలు, చుక్క పెట్టినాడు. నవోమి వచ్చి ఆ పక్కనే కొడవలి గీసింది.

"ఒక దినం బాకీ ఉండావు," అన్నాడు పద్మనాభయ్య. "నీ వంతు మళ్లీ ఎప్పుడు?"

"వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం."

"అప్పటికి ఆమె మడి ఉప్పుమడి అవుతుంది. రేపు శనివారం నాది, అది నవోమికి. నీ సోమవారం నాకు. ముగ్గురం ఇప్పుడే గుర్తులు పెడదాం."

"నీ మడి తొమ్మిది దినాలు ఆగుతుందా అన్నా?"

"నా మడీ తూముకు దగ్గరే, ఊటుంది. ఆగకపోతే ఆ పాపం నాది, ఆగాల," అని నవోమి వైపు తిరిగినాడు. "ఇది దానం కాదమ్మా. చూడు, ఎవరికి ఎవరు బదులో అందరి ముందరా ఉంది."

నవోమి తలుపు మీది గుర్తులను వరసగా చూసుకుంది. పెదవులు కదిలించి లెక్క సరిచూసుకుంది. అప్పుడు తల ఊపింది. "ఇది నాదే," అంది.

శనివారం పొద్దు పొడవకముందే ఆమె పార తీసుకుని తూము దగ్గరుంది. పద్మనాభయ్య కూడా వచ్చి గండి కట్టడంలో చెయ్యి వేసినాడు. నీళ్లు కాలువ పొడుగునా పోయి, గాలం వాళ్ల మడి దాటి, నిచ్చెన వాళ్ల మడి దాటి, మధ్యాహ్నానికి కొసన ఎకరంలోకి దిగినాయి. మడి మూలన అప్పటికే జానెడు మేర తెల్లగా పూసి ఉంది. నీళ్లు దాని మీదికి పోయినాయి, తెలుపు కరిగింది. చిరుపొట్టలు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

ఇంటికి పోతూ పద్మనాభయ్య తలుపు దగ్గర ఆగినాడు. చెంచురామయ్య అక్కడ నిలబడి తలవంచి చూస్తున్నాడు.

"ఏంది, తప్పేమన్నా ఉండాదా?"

"లేదన్నా. నవోమి కొడవలి చూడు, ఎడంచేతి వాటం మాదిరి ఉంది. ఆమె ఎడంచేత్తో కోస్తుందా?"

"ఏమో, ఆమెనే అడుగు. నీ గుర్తు పక్కనే గదా ఆమె గుర్తు."

పుస్తకం ఆ దినం నుంచి దేవుడి గూట్లో లేదు. తిన్నె మీద చిలక్కొయ్యకు సంచీలో వేలాడింది. మొదటి పేజీలో శ్రీరామ అట్లానే ఉంది. దూడ బయటికి పోకుండా ఆదిశేషమ్మ కొట్టానికి ఈతాకు తడిక కట్టించుకుంది.