పొడుగు తలగడ

ఆదివారం భోజనం ముగిశాక కోడి ఎముకల పళ్ళెం ఒక పక్కకి జరిపి, గిస్లాన్ బల్ల మీద టాబ్లెట్ తెరిచాడు. మూడు వారాల్లో అసెన్షన్, క్రీస్తు స్వర్గారోహణ పండుగ. గురువారం ఎలాగూ సెలవు. కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే భార్య మారివోన్‌కి శుక్రవారం కూడా సెలవు దొరికింది. తమ ఊరు ఆంజే నుంచి లియోన్‌కి రైలు టిక్కెట్లు కొనేశారు. ఇక తేలవలసింది ఆ రెండు రాత్రులూ ఎక్కడ ఉండాలన్నదే.

చూడబోతే చిన్న పని. వారం రోజులుగా తెమలడం లేదు. ఎందుకు తెమలడం లేదో గిస్లాన్‌కి తెలుసు.

రెండేళ్ళ కిందట చలికాలంలో అతనికి దగ్గు పట్టుకుంది. పొద్దున్నే దుకాణం తెరవవలసిన భార్య నిద్ర చెడగొట్టడం ఎందుకని, అతనే వెనకవైపు ఇస్త్రీ గదిలోని సన్న మంచం మీదికి మారాడు. వసంతం వచ్చేసరికి దగ్గు పోయింది. అతను మాత్రం అక్కడే ఉండిపోయాడు. గొడవేమీ లేదు. గొడవైతే ఏదో ఒక రోజు రాజీ ఉంటుంది. ప్రతి రాత్రీ నడవాలో చెంపకి చెంప ఆనించుకుని ఎవరి గదికి వాళ్ళు వెళ్ళేవారు. తిరిగి వస్తానని చెప్పాలంటే ముందు వెళ్ళిపోయానని ఒప్పుకోవాలి. అదీగాక ఆమెకి ఇలాగే హాయిగా ఉందేమో. పెద్ద మంచం మీద అతని వైపు ఇప్పుడు ఆమె పుస్తకాలూ, శాలువా కాపురం పెట్టాయి.

హోటల్ వెతికినప్పుడల్లా తెర ఒకే ప్రశ్న అడుగుతోంది: ఒక పెద్ద మంచమా, రెండు విడి మంచాలా? ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ ఎత్తని మాటని యంత్రం మొహమాటం లేకుండా ఎత్తింది.

అందుకే అతను మంచాల మాట వదిలి పేటల మాట అందుకున్నాడు.

"పార్-ద్యూ స్టేషన్ ఎదురుగా ఒకటుంది," అంటూ తెర ఆమె వైపు తిప్పాడు. బొమ్మలో విడి మంచాలు, మధ్యలో చిన్న దీపం.

మారివోన్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసింది. "రైలు దిగి మళ్ళీ రైళ్ళే చూస్తూ కూర్చోడానికి లియోన్ దాకా ఎందుకు? మన స్టేషన్లో బెంచీ మీద కూర్చుంటే పోలా?"

గిస్లాన్‌కి కాస్త ధైర్యం వచ్చింది. "పోనీ సోన్ నది ఒడ్డున, పాత ఊళ్ళో?" ఇందులో ఒకటే మంచం.

"కింద అంతా తిండి హోటళ్ళే. అర్ధరాత్రి దాకా కుర్చీలు ఈడుస్తారు."

వచ్చిన ధైర్యం పోయింది. మళ్ళీ విడి మంచాలది ఒకటి చూపించాడు.

"మరీ అంత పెద్ద గదెందుకు? ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోవాలంటే ఫోన్ చెయ్యాలి."

మళ్ళీ ఒకే మంచం ఉన్నది.

"ఆ గోడ రంగేంటి? పళ్ళ డాక్టర్ దగ్గర కూర్చున్నట్టుంది."

గిస్లాన్ రిటైరయ్యేదాకా నగర నీటి సరఫరా విభాగంలో పనిచేశాడు. గొట్టానికి చెవి ఆనించి, నేల కింద ఎక్కడ నీళ్ళు కారుతున్నాయో చెప్పగలిగేవాడు. ఎదురుగా కూర్చున్న మనిషి మాటల కింద ఏం పారుతోందో మాత్రం అందడం లేదు. విడి మంచాలు చూపిస్తే కాదంది, ఒకే మంచం చూపిస్తే కాదంది. ఇక మిగిలింది వెళ్ళకపోవడమే.

"అసలు నీకు వెళ్ళాలని ఉందా?" అన్నాడు.

"ఉంది గనకే ఇన్ని వంకలు పెడుతున్నా. లేకపోతే మొదటిదానికే సరే అనేదాన్ని."

ఆమె ముఖం చూశాడు. నవ్వడం లేదు.

మారివోన్ లేచి చేతిసంచిలోంచి తన ఫోన్ తీసింది. "దుకాణంలో క్లోతిల్డ్ ఒక నంబరిచ్చింది. క్రువా-రూస్ గుట్ట వాలు మీద పెరషోన్ అని ఒకావిడ, సొంత ఇంట్లోనే రెండు గదులు అద్దెకిస్తుందట. పొద్దున కాఫీ, రొట్టె, జామ్ ఆవిడే పెడుతుందట." నంబరు నొక్కి, ఇద్దరికీ వినబడేలా ఫోన్‌ని వెన్న గిన్నెకి ఆనించింది.

అవతలి గొంతు గరుకుగా, హుషారుగా ఉంది. "ఆ రెండు రాత్రులూ రెండు గదులూ ఖాళీయే. కింద గదిలో విడి మంచాలు, పై గదిలో ఒకటే మంచం. ఏది కావాలి?"

మారివోన్ ఒక్క వేలితో ఫోన్‌ని గిస్లాన్ వైపు తోసింది. "నువ్వు చెప్పు. వారం నుంచీ వెతుకుతున్నది నువ్వేగా."

గిస్లాన్ గొంతు సవరించుకున్నాడు. "పై గది కిటికీ ఎటువైపండీ?"

"తూర్పుకి. అయినా నేనడిగింది మంచం గురించి."

"మెట్లు ఎక్కువా?"

"గుట్ట మీద బస చేస్తూ మెట్లు వద్దంటే ఎలాగండీ? ఇంకో మాట, తర్వాత తగువు పెట్టుకోకూడదు గనక ముందే చెప్తున్నా. పై గదిలో విడి దిండ్లుండవు. ఇద్దరికీ కలిపి ఒకటే పొడుగు తలగడ, మా అమ్మ నాటిది. ఈ కాలం వాళ్ళు మొహం మాడ్చుకుంటున్నారు. పక్కవాళ్ళు తల తిప్పితే తమ తలా కదులుతుందట. పెళ్ళి చేసుకునేటప్పుడు ఏమనుకున్నారో మరి."

మారివోన్ ఫోన్ మీదికి వంగింది. "మాకు అలవాటేనండీ. మా ఇంట్లోనూ పొడుగుదే వేసుకుంటాం."

గిస్లాన్ ఆమె వైపు చూశాడు. వాళ్ళ పొడుగు తలగడ అతను గది మారిన కొన్నాళ్ళకే అలమర మీదికి ఎక్కింది. ఆమె మంచం మీద ఇప్పుడున్నది నలుచదరపు దిండు ఒక్కటే. మారివోన్ మాటవరసకైనా అబద్ధమాడే మనిషి కాదు. ఈ ఫ్రేము పెట్టుకుంటే గుడ్లగూబలా ఉన్నారని కొనడానికొచ్చిన వాళ్ళ ముఖానే చెప్తుంది. అలాంటి మనిషి, ముక్కూ ముఖం తెలియని ఆవిడతో ఇంత నిమ్మళంగా అబద్ధమాడి, ఇప్పుడు తల వంచుకుని బల్లగుడ్డ మీది రొట్టె ముక్కలు ఏరుతోంది. అబద్ధం ఆవిడకి కాదు. చెయ్యి చాపితే అందేలా అతని ముందు పెట్టింది.

"పై గది," అన్నాడు. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "పై గదే ఇవ్వండి."

"హమ్మయ్య. మీరొచ్చేదాకా కిటికీని తూర్పునే ఉంచుతా," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

గిస్లాన్ టాబ్లెట్ మూసేశాడు.

"మనింట్లోనూ పొడుగుదేనా?" అన్నాడు.

"అలమర మీద ఉందిగా. అలమర ఇంట్లో లేదూ?"

"అసలు పైకెందుకు ఎక్కించావ్?"

"ఒక్క తలకి అదెందుకు? మధ్యలో పడుకుంటే రెండు చివర్లూ లేచి గాడిద చెవుల్లా ఉండేవి. మొదట్లో నవ్వొచ్చేది." ఏరిన ముక్కల్ని పళ్ళెంలో వేసింది. "తర్వాత రాలేదు."

"నీకు హాయిగా ఉందనుకున్నా."

"నీకు హాయిగా ఉందని నేననుకున్నా."

ఆ రెండు మాటలు అనుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఒకరి హాయిని ఒకరు చెడగొట్టకూడదని ఒకే ఇంట్లో అంత జాగ్రత్తగా బతికారు. గిస్లాన్‌కి సిగ్గు వేసింది. అందులో కాస్త తేలికదనం కూడా ఉంది.

మారివోన్ లేచింది. "లియోన్ వెళ్ళి మొదటి రాత్రే దగ్గావనుకో, ఆవిడ ముందు పరువు పోతుంది. ముందు ఇక్కడే చూసుకుందాం. వంటింటి స్టూలు పట్రా."

పడగ్గదిలో స్టూలెక్కి అతను తలగడ దించాడు. దుమ్ముతో బాటు పాత లావెండరు వాసన దిగింది. ఆమె ఉతికిన గలేబు తెచ్చింది. పొడుగు గలేబు ఎక్కించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు తలగడని బిగించి పట్టుకుంటే, మరొకరు లాగుతూ రావాలి.

"వదలకు," అంది ఆమె.

"వదల్లేదు."

తలగడ మంచం తలవైపు అడ్డంగా అమిరింది. అతని వైపు పుస్తకాల దొంతర అలాగే ఉంది. గిస్లాన్ వాటిని రెండు చేతులా ఎత్తి, గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు.

"ఇవెక్కడ పెట్టను?"

మారివోన్ గలేబు కొస సర్దుతూ, తలెత్తకుండానే అంది: "ఇస్త్రీ గదిలో మంచం ఖాళీయేగా."